గాలిమోటరుకు నిమ్మకాయ

ఇగో, ముందుగాల్నే చెప్తున్న, నవ్వుడు లేదు. నవ్విన్రంటె సగంల ఆపేస్త.

పోయిన నెల ఒక్క పూట నేను బాణామతోణ్ణయిన, చేతబడి చేసేటోణ్ణయిన! నిజంగ! నేనే, ఈ నర్సిములునే! ఎవలన్న కోడిని కోస్తుంటె అటు మొకం తిప్పుకునేటోణ్ణి. నన్ను బూడిద గీత లోపట కూసోవెట్టి, సుట్టు ఊరోళ్లు కట్టెలు పట్టుకొని నిలవడ్డరు. నా పక్కన ఏమున్నదంటె ఒక గాలిమోటరు. దాని ముక్కుకు ఒక నిమ్మకాయ.

నిన్న మాణిక్ అన్న బెంగుళూరికెళ్లి వచ్చి ఆఖరి ముచ్చట చెప్పిండు. దాంతోని కత పూరా అయింది. ఇగ చెప్పకుంటె నా కడుపుల ఆగేటట్టు లేదు.

మాణిక్ అన్న మీకెరికే గదా? మా పెద్దనాయిన కొడుకు. బక్కగుంటడు, కండ్లద్దాలు పెట్టుకుంటడు, తొవ్వల పోతుంటె గూడ ఏదో లెక్క చేసుకుంట పోతడు. బెంగుళూరుల సర్కారు యూనివర్సిటీల సదువుతుండు. ఏం సదువంటె... ఏరోనాటికల్ ఇంజనీరింగ్! చూసిన్రా, పలికిన! ఈ ఒక్క పేరు నేర్సుకోనీకె నాకు సెలవులన్ని పట్టినయి. నా సదువు మీకు తెల్సు. మూడో తరగతి. నాలుగో తరగతి పంతులు కొడ్తడని యూసుఫ్ చాచా సైకిల్ దుకాన్ల జొర్రిన, ఇంకా బయటికి రాలె.

మా ఇంట్ల ఇమానమంటె గాలిమోటరు, అందుకే దాన్ని గాలిమోటరు సదువంటరు. మా అవ్వకైతె ఒక్కటే రంది. "బిడ్డా మాణిక్, భూమ్మీద ఇన్ని కొలువులుండంగ ఆ గాలిల ఏం కొలువు రా నీకు?" అంటది. అన్న నవ్వి ఊకుంటడు.

ఈసారి సెలవులకు వచ్చినప్పుడు పెట్టె నిండ సన్నటి కట్టెలు, పల్చటి కాగితం, జిగురు డబ్బా పట్టుకొచ్చిండు. గ్లైడర్ చెయ్యాలెనంట. అంటె ఇంజన్ లేని గాలిమోటరు. మనిషి ఎక్కేది కాదు. రెండు చేతులు బార్ల సాపితె ఎంతుంటదో రెక్కలు గంత.

"నర్సిములూ, ఇది నా ఆఖరి సాలు పరీక్ష రా. పోంగనే మా ప్రొఫెసర్ల ముంగట ఎగరేసి చూపియ్యాలె. ఎగిరితె పాస్. ఎగరకపోతె మల్ల ఒక సాలంత అక్కడనే. నాయినకు ఇంకో సాలు సదివిపిచ్చే తాకత్ లేదు" అన్నడు.

గా మాట ఇన్నంక నాకు నిద్ర వట్టలె. రోజు దుకాన్ బందు చేసుడు, అన్న దగ్గరికి ఉరుకుడు. నా పని ఏందంటె పట్టుకునుడు. జిగురు ఆరేదాక కదలకుంట పట్టుకోవాలె. ముక్కు మీద ఈగ వాలినా సరే. మాట్లాడే పని లేదు, ఎవలతోని కలిసే పని లేదు. నాకోసమే పుట్టిచ్చిన కొలువు లెక్క అనిపిచ్చింది!

శనారం పొద్దుమూకి ఊరవతలి గుట్ట మీదికి తీస్కపోయినం. అన్న గాలికి ఎదురుంగ నిలవడి, భుజం మీదికెళ్లి మెల్లగ ఇడ్సిండు. ఓయబ్బో! సప్పుడే లేదు! గద్ద తేలినట్టు తేలుకుంట పోయి, కింద గడ్డిల అలగ్గ వాలింది. నా ఒంటి మీద ఎంటికలు నిక్కినయి. నేను ఒర్లిన! నేను! నా గొంతు అంత పెద్దగుంటదని నాకే తెల్వది! అన్న నన్ను పట్టుకొని గుట్ట మీదనే దుంకిండు. "ఎగిరింది రా! ఎగిరింది రా!" అని ఇద్దరికిద్దరం పిచ్చోళ్ల లెక్క. ఊరోళ్లందరు గుట్ట కిందికెళ్లి చూడనే చూసిన్రు.

ఇగ ఐతారం. సాయంత్రం రైలు బండికి అన్న పోవాలె. పొద్దుగాల ఇంకోపారి గుట్ట మీద ఎగరేసి చూసినం. సక్కగున్నది.

"దీన్ని చేతుల పట్టుకొని బజార్లకెళ్లి తీస్కపోతె అందరు ముట్టుకుంటరు. నేను పోయి కట్టెపెట్టె తెస్త, అండ్ల పెట్టి ఈడికెళ్లి సీదా టేషన్ కు పోదాం. నువ్వు కావలుండు. దీని మీద ఎవ్వరి చెయ్యి పడనియ్యకు. ముక్కు మీద గింత బరువెక్కిందా, పల్టీ కొడ్తది. సమజైందా?"

"సమజైంది" అన్న.

సమజైతె సరిపోతదా? ఎవలకన్న ఒద్దని చెప్పొస్తె గదా!

అన్న గుట్ట దిగిండో లేదో, ఇంకో దిక్కుకెళ్లి మా అవ్వ ఎక్కొస్తున్నది. చేతుల తాంబాలం. పసుపు, కుంకుమ, నిమ్మకాయ, ఏడు మిరపకాయలు. రొప్పుకుంట వచ్చి కూలవడ్డది.

"ఏడ రా మీ మోటరు?"

"అవ్వా, ఇదే. ముట్టుకోకు."

"ముట్టుకుంటనా ఏంది! ఊరోళ్లందరు నిన్నటికెళ్లి ఒక్కటే ముచ్చట, మాణిక్ మోటరు, మాణిక్ మోటరు. ఎంత దిష్టి తగిలుంటదో! ఎడ్లబండి కొంటె నిమ్మకాయ కడ్తం. కుట్టుమిషిని కొంటె బొట్టు పెడ్తం. నా మనవడు గాలిల ఎగిరేటిది చేస్తె ఉత్తగ పంపుత?"

"అవ్వా, అన్న..."

"అన్నకు ఏం తెల్సు? అన్న గాలి సదువు సదివిండు. దిష్టి సదువు సదివిండా?"

దీనికి ఏం జవాబు చెప్పాలె? మీరే చెప్పున్రి! గంతల్నే రెక్కలకు పసుపు, ముక్కుకు కుంకుమ బొట్టు, నల్ల దారం తోని నిమ్మకాయ, మిరపకాయలు. అవ్వ ముడేస్తె ఇప్పనీకె ఇంకో జన్మ కావాలె. అన్న వచ్చినంక అన్ననే ఇప్పుకుంటడు తియ్యి అనుకున్న.

గప్పుడే వచ్చిండు యూసుఫ్ చాచా. సైకిల్ గుట్ట కింద పెట్టి, పైకెక్కి నిలవడ్డడు. "అరే నర్సిములూ! ఊరంత సూసిన్రు, నేనే సూడలే. పొద్దంత దుకాన్ల పంచర్లే పాయె. ఏక్ బార్ ఉడా దే బేటా!"

"చాచా... అన్న ఒద్దన్నడు."

ఈ మాట నేను అన్ననా? అన్న! కని లోపట్నే. బయటికి ఏమొచ్చిందో తెల్సా? "సరే చాచా."

నాకు సైకిల్ చక్రం ఇప్పి బిగిచ్చుడు నేర్పిన మనిషి ఆయిన. జిందగీల నన్ను ఒక్కటంటె ఒక్కటి అడగలె. ఎట్ల కాదంట?

అన్న చేసినట్టే గాలికి ఎదురుంగ నిలవడి ఇడ్సిన. నిమ్మకాయ బరువుకు అది ముక్కు కిందికి పెట్టి సీదా దూకింది! నా పానం పోయింది. కండ్లు గట్టిగ మూసుకున్న. "అయిపాయె, అన్న సాలంత పాయె" అనుకుంటున్న. గంతల చాచా ఒర్రుతుండు, "అరే వా! వా! దేఖో!"

కండ్లు తెరిచి చూస్తె ఏమున్నది! గుట్ట కిందికెళ్లి గాలి ఒక్కసారె బుస్సున లేసింది. దూకే మోటరును మీదికి ఎత్తింది! ఎత్తి, తిప్పి, గుట్ట ఎనకకు! మా నెత్తుల మీదికెళ్లి పోయింది! తుమ్మ చెట్లు దాటింది, వాగు దాటింది, అవతలి పల్లె దిక్కు చిన్నగైకుంట చిన్నగైకుంట పోయి కనవడకుంటైంది.

అవ్వ రెండు చేతులెత్తి మొక్కింది. "చూసినవా రా! నిమ్మకాయ కట్టంగనే ఎట్ల పోతున్నదో!"

నేను ఏం చూసుడు! చాచా సైకిల్ ఎక్కి తొక్కుడే తొక్కుడు. రాళ్లు లేదు, ముండ్లు లేదు. వాగుల సైకిల్ ను భుజాన ఎత్తుకొని దాటిన. నా మనసుల ఒక్కటే, అది పలగొద్దు, బండి పోవొద్దు.

ఇగ అవతల ఏం జరిగిందో ఇనున్రి. సంగప్ప పటేల్ అల్లం చేన్ల ఆడోళ్లు కలుపు తీస్తున్నరు. వంగి కలుపు తీసేటోళ్లకు మీద ఒక నీడ పడ్డది. తలెత్తి చూస్తె ఏముంటది? తెల్లటి రెక్కలు, పసుపు, ఎర్రటి బొట్టు, నిమ్మకాయ, మిరపకాయలు! సప్పుడు లేకుంట వచ్చి వాళ్ల నడిమిట్ల దిగింది! మనమే అయితె ఉంటమా? కొడవండ్లు ఆడ్నే పారేసి "బాణామతి! బాణామతి!" అని ఉరికిన్రు.

నేను పోయేసరికి చేన్ల జాతరనే ఉన్నది. మోటరు మాత్రం అల్లం ఆకుల మీద పరుపు మీద పండుకున్నట్టు పండుకున్నది. గీత గూడ పడలె! నాకు ఏడుపు, నవ్వు రెండు ఒక్కసారె వచ్చినయి. కని దాని సుట్టు బూడిద గీసి ఉన్నది. యాపమండలు పట్టుకొని ఎల్లయ్య తాత అని ఒక ముసలాయిన నిలవడ్డడు. పక్కన సంగప్ప పటేల్, నెత్తికి తెల్లటి పటకా, పెద్ద మీసాలు.

"ఎవర్రా నువ్వు?" అన్నడు పటేల్.

"నర్సిములు."

"ఈడికెందుకొచ్చినవ్?"

"దాని కోసం."

అంతే! ఎల్లయ్య తాత భూమి మీద కట్టెతోని కొట్టిండు. "చూసిన్రా! నేను చెప్పలే? పంపినోడు ఎనకనే వస్తడని!"

నన్ను రెక్క పట్టుకొని గీత లోపట కూసోవెట్టిన్రు.

"ఎవలి మీదికి పంపినవ్ రా దీన్ని?"

"ఎవలి మీదికి కాదు పటేలా. బెంగుళూరుకు పంపాలె."

"అయ్యో! బెంగుళూరోళ్లను గూడ ఇడ్సిపెట్టడట!" అన్నది ఎనక నుంచి ఒకామె.

"బెంగుళూరుల ఎవలున్నరు రా?"

"పెద్ద పెద్ద పంతుళ్లుంటరు. వాళ్ల ముంగట ఇడుస్తె... వాళ్లు పాస్ చేస్తరు."

"ఈ ఇద్దెకు అక్కడ గురువులు గూడ ఉన్నరు!" అన్నడు తాత. జనం రెండడుగులు ఎనకకు జరిగిన్రు.

నేను నోరు తెరిచిన కొద్ది ఇంక లోతుకు పోతున్న. అందుకే మూసుకున్న. అది ఇంక తప్పైంది. "చూడు, మౌనం వట్టిండు! లోపట మంత్రం సదువుతుండు!" అన్నరు.

గంతల మాణిక్ అన్న! కట్టెపెట్టె నెత్తి మీద పెట్టుకొని చెమటలు కార్సుకుంట ఉరికొస్తుండు. చాచా చెప్పిండంట. వస్తనే మోటరును చూసిండు, నన్ను చూడలె. "పలగలేదు కదా? పలగలేదు!" అని గీత దాటి దాని పక్కన కూలవడ్డడు. పటేల్ "నువ్వెవరు?" అని గద్దిచ్చినంకనే తెలివికొచ్చిండు.

నాకు పానం లేసొచ్చింది. సదువుకున్న మనిషి వచ్చిండు, ఇగ సమజు చేస్తడు అనుకున్న.

"అయ్యా, ఇది బాణామతి కాదు, శాస్త్రం. ఇగో చెప్త ఇనున్రి. గాలి రెక్క మీదికెళ్లి తొందరగ పోతది. కింద పీడనం. గప్పుడు లిఫ్ట్ పుడ్తది. ఎనకకు గుంజేది డ్రాగ్..." అనుకుంట ఆ బూడిదలనే ఏలుతోని రెక్క బొమ్మ గీసిండు. మీదికొక బాణం, కిందికొక బాణం, నడుమ సున్న!

"యంత్రం గీస్తుండు! యంత్రం!" అని ఎల్లయ్య తాత ఒర్రిండు. ఆడోళ్లు పిల్లలను సంకకెత్తుకున్నరు. ఒక మనిషి అయితె చెప్పులిడ్సి ఉరికిండు.

ఇగ ఇద్దరం గీత లోపట. అన్న పొద్దును చూస్తుండు. పొద్దు దిగుతున్నది. "నర్సిములూ, బండి పోతె ఎల్లుండి పరీక్షకు అందుకోను రా" అన్నడు మెల్లగ. ఆయిన కండ్లద్దాల ఎనక నీళ్లు. నాకు నిమ్మకాయ దిక్కు చూడ బుద్ధి కాలె.

గప్పుడు ఇనవడ్డది సైకిల్ గంట. యూసుఫ్ చాచా! ఎవలిదో సైకిల్ పట్టుకొచ్చిండు. ఎనక క్యారియర్ మీద మా అవ్వ! రెండు కాళ్లు ఒక్క దిక్కేసుకొని, ఒక చెయ్యి చాచా అంగీ పట్టుకొని, ఇంకో చేతిల కట్టె ఊపుకుంట! జిందగీల సైకిల్ ఎక్కని మనిషి!

"ఎవడ్రా నా మనవండ్లను బూడిదల కూసోవెట్టింది?"

పటేల్ జర తగ్గిండు. "అవ్వా, దీనికి నిమ్మకాయ, మిరపకాయలు..."

"నేనే కట్టిన! ఏం? కట్టద్దా? ఓ సంగప్పా, గా బాయి కాడ ఉన్నదేంది?"

అందరం తిరిగి చూసినం. బాయి గడ్డ మీద పటేల్ కొత్తగ తెచ్చిన ఆయిల్ ఇంజన్. దానికి ఎర్రటి బొట్టు, పసుపు, నల్ల దారం, నిమ్మకాయ, మిరపకాయలు.

"అది ఇంజన్ గదవ్వా!" అన్నడు పటేల్.

"ఇది మోటరు గద రా!" అన్నది అవ్వ.

ముందుగాల పటేల్ మీసాలు కదిలినయి, తర్వాత బొర్ర కదిలింది. ఇగ నవ్వుడే నవ్వుడు! ఎల్లయ్య తాత కాలుతోని బూడిద చెరుపుకుంట, "నేను గప్పుడే అనుకున్న, ఇది బండి తీర్గనే ఉన్నదని" అన్నడు!

ఈడ అయిపోతె ఎంత మంచిగుండు! మోటరుకు ఏం కాలె. పొద్దు ఇంక ఉన్నది. అన్న నిమ్మకాయ దారం తెంపిండు, పెట్టె మూత తీసిండు. కని పటేల్ ఊకుంటడా? "కొత్త మోటరు మా చేన్ల దిగింది. ఉత్త చేతుల్తోని పంపుతమా? కొబ్బరికాయ తేన్రి!" అన్నడు. తెచ్చిన్రు. మోటరు ముక్కు ముంగట ఒక బండరాయి పెట్టిన్రు.

"తమ్మీ, నిన్ను పరేషాన్ చేసినం. నీ చేతుల మీదనే కొట్టాలె" అని నా చేతిల పెట్టిండు.

అన్న నా చెవుల అన్నడు, "ఒద్దను రా. ఒద్దను."

చెప్దామనే అనుకున్న. ఒట్టు! కని ఊరంత నా దిక్కు చూస్తున్నది. గంత సేపు కట్టెలు పట్టుకున్నోళ్లు చేతులు జోడిచ్చి నిలవడ్డరు. పటేల్ నవ్వుతుండు. నా నోట్లకెళ్లి ఏమొచ్చింది?

"సరే పటేలా."

చేతులు చెమటలు. కాయ జారుతున్నది. దేవుణ్ణి తల్సుకొని బలంగ కొట్టిన. కాయ పలగలె! రాయి అంచుకు తగిలి ఎగిరి, "ఫట్"మని కుడి రెక్కలకెళ్లి అవతల పడ్డది! రెక్కల గుండ్రటి బొక్క! అందుల చెయ్యి పెట్టొచ్చు! అవతల ఇంకో రాయి మీద పడి కాయ సరిగ్గ రెండు చెక్కలైంది.

"మంచిగ పలిగింది, మంచి శకునం" అన్నదొకామె.

అన్న కండ్లద్దాలు తీసి తుడుసుకొని మల్ల పెట్టుకున్నడు. బొక్క గట్లనే ఉన్నది. నేను భూమి పలిగితె బాగుండు అనుకుంట నిలవడ్డ. నాకు ఏడుపొచ్చింది, ఆపుకోలె.

చాచా వచ్చి బొక్కల ఏలు పెట్టి చూసిండు. "అరే, రోతే క్యా? పంచర్ హై, పంచర్!" అన్నడు.

అన్న లేసి నిలవడ్డడు. "కట్టెలు పలగలె! ఒట్టి కాగితమే పోయింది! కాగితం పెట్టెల ఉన్నది. జిగురే లేదు, ఇంట్ల ఇడ్సిపెట్టిన."

చాచా సైకిల్ సంచిల ఏముంటది? పంచర్ సొల్యూషన్! ఇగ చూస్కో. అన్న కాగితం కోసిండు, నేను సొల్యూషన్ రాసిన. రాసి, పట్టుకున్న. ఆరేదాక కదలకుంట పట్టుకునుడు నా పనే గదా! ఈసారి ముక్కు మీద ఈగలు నిజంగనే వాలినయి. ఒక్క వెంట్రుక కదిలియ్యలె.

పటేల్ తన ఎడ్లబండి కట్టిచ్చిండు, చాచా గూడ ఎక్కిండు. ఎడ్లు ఉరుకుతుంటె పెట్టెను నేను, అన్న కౌగిలిచ్చుకొని కూసున్నం. టేషన్ ల అడుగు పెట్టేసరికి రైలు కూత ఏసింది! చాచా పెట్టె ఎత్తిండు, నేను అన్నను ఎత్తిన, లోపటికి తోసినం. కిటికీలకెళ్లి అన్న మొకం కనవడ్డది. తిడ్తడేమో అనుకున్న. నవ్వుకుంట ఏదో అన్నడు, రైలు సప్పుడుల ఇనవడలె.

నిన్న వచ్చి చెప్పిండు. ఎగిరిందంట! ప్రొఫెసర్లు చప్పట్లు కొట్టిన్రంట! తర్వాత పెద్ద ప్రొఫెసర్ కుడి రెక్క దగ్గర వంగి చూసి, "ఈ మచ్చ ఏంది?" అని అడిగిండంట. ఏం మచ్చ? సైకిల్ చైన్ ముట్టుకున్న చెయ్యి గదా నాది. అంటువెట్టిన కాగితం మీద నల్లగ, సక్కగ, నా బొటనవేలు ముద్ర!

"అది మా తమ్ముని సంతకం సార్" అన్నడంట అన్న.

అన్న పాస్! నేను మూడో తరగతితోని ఆగిపోయినోణ్ణి, ఏరోనాటికల్ ఇంజనీరింగ్ పరీక్షల ఏలిముద్ర ఏసి వచ్చిన! గుట్ట దాటిన మోటరుకు ఏం కాలె, చేన్ల పడ్డ మోటరుకు ఏం కాలె. దాన్ని కొబ్బరికాయతోని కూల్చిన మొనగాణ్ణి గూడ నేనే!

అన్న నిన్న నాకు ఒక్కటే బుద్ధి చెప్పిండు. "నర్సిములూ, ఏరోనాటికల్ అనుడు నేర్సుకున్నవ్. ఇగ 'ఒద్దు' అనుడు గూడ నేర్సుకో." సరే, నేర్సుకుంట అన్న.

ఈ పొద్దుగాల్నే సంగప్ప పటేల్ కబురు పంపిండు. కొత్త మోటర్ సైకిల్ తెచ్చిండంట. "ఆనాడు కాయ ఎంత సక్కగ పలిగింది! నర్సిములు చెయ్యి మంచిది, పూజకు ఆయినే కొట్టాలె" అన్నడంట. నేను సైకిల్ తొక్కుకుంట పోయిన. తొవ్వంత "ఒద్దు పటేలా, ఒద్దు పటేలా" అని కంఠస్తం చేసిన. వాగు కాడ గూడ మంచిగనే వచ్చింది. పటేల్ ముంగటికి పోయి నిలవడ్డ.

రేపు పొద్దుగాల పూజ. మీరందరు రాన్రి. జర దూరం నిలవడున్రి.